టేక్‌కు సోపతి ఎవరు?

"హౌ లాంగ్ డిడ్ ఇట్ టేక్ యూ టు కమ్ ఫ్రమ్ కరీంనగర్?"

నా మొదటి ఇంటర్వ్యూలో నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు, బల్లకు అవతల ముగ్గురు పెద్దమనుషులు. ప్రశ్నలో నాకు తెలియని మాట ఒక్కటి లేదు. హౌ తెలుసు, లాంగ్ తెలుసు, టేక్ మరీ బాగా తెలుసు. టేక్ అంటే తీసుకొను. ఎవరు తీసుకున్నారు? ఏం తీసుకున్నారు? కరీంనగర్ నుంచి నేనేమన్నా తీసుకురావాల్సిందా? చేతిలో ఉన్న సర్టిఫికెట్ల కవరు వైపు చూసుకున్నాను. చెమటలు పట్టాయి. అడిగినాయన రెండోసారి నెమ్మదిగా అడిగాడు. నెమ్మదిగా అడిగితే ఇంకా కష్టమైంది, ఎందుకంటే ఈసారి ఒక్కో మాటా విడివిడిగా వినబడింది.

రాత్రి ఇంటికి చేరాను. అవ్వ కంచంలో అన్నం పెడుతూ, "ఎంతసేపు పట్టింది బిడ్డా, అక్కడికెల్లి?" అన్నది.

"నాలుగు గంటలు పట్టిందే అవ్వా."

ముద్ద చేతిలోనే ఆగింది. పొద్దున వాళ్లడిగింది ఇదే కదా! అవ్వ అడిగితే ఊపిరి తీసినంత సులువుగా చెప్పిన జవాబు, వాళ్లడిగితే రాలేదు. ఇంగ్లీషు రాక రాలేదనుకున్నాను చాలాకాలం. తర్వాత ముప్పై ఏళ్లు ఇటు కరీంనగర్, అటు ఆదిలాబాద్ బడుల్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పాక అర్థమైంది, నాకు అడ్డం పడ్డది ఇంగ్లీషు కాదు, నేను రాసుకున్న నోట్‌బుక్ అని.

ఆ నోట్‌బుక్ మీలో చాలామంది దగ్గర ఉండే ఉంటుంది. వి వన్, వి టూ, వి త్రీ అని మూడు గీతలు. టేక్, టుక్, టేకెన్. చివర నాలుగో గడిలో తెలుగు అర్థం: తీసుకొను. గెట్, గాట్, గాట్: పొందు. పుట్, పుట్, పుట్: పెట్టు. వంద క్రియలు, వంద అర్థాలు, పొద్దున్నే లేచి బట్టీ పట్టడం. మా సార్లు మంచి మనసుతోనే రాయించారు, తమకు అట్లనే చెప్పారు కనుక. ఆ మూడు రూపాలు అవసరమే. చిక్కంతా నాలుగో గడితో. క్రియకు ఒకే ఒక అర్థం రాసి తలుపేసిన గడి అది. మిగతా అర్థాలన్నీ బయటే నిలబడ్డాయి.

ఎన్ని నిలబడ్డాయో చెబితే భయపడకండి. 1755లో శామ్యూల్ జాన్సన్ లండన్‌లో అచ్చు వేయించిన నిఘంటువులో టేక్ అనే ఈ చిన్న మాటకు 134 అర్థాలు చూపించాడు. దానికే అయిదు పేజీలు పట్టింది. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో ముద్రణలో సెట్ అనే క్రియకు 430 అర్థాలున్నాయి. ఆ ఒక్క మాట వివరణే ఒక చిన్న నవలంత ఉంటుంది. ఈ అంకెలు చూపించి పిల్లలను బెదిరించే కోచింగ్ సెంటర్లు ఉన్నాయి. కానీ ఒక్కటి ఆలోచించండి. లండన్‌లో కూరగాయలమ్మే మనిషి కూడా రోజంతా టేక్ వాడుతూనే ఉంటాడు. అతను 134 అర్థాలు ఎక్కడా చదవలేదు. మీ అవ్వ "పట్టు"కు ఎన్ని అర్థాలున్నాయో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. మబ్బు పట్టింది, తుప్పు పట్టింది, నిద్ర పట్టలేదు, బిందెలో పది లీటర్లు పట్టినయ్, ఓపిక పట్టు, చేపలు పట్టిండు, నాలుగు గంటలు పట్టింది. ఏది ఎక్కడ అనాలో ఆమె ఒక్కసారీ తడబడదు. ఆమెకు అర్థాల జాబితా తెలియదు, సోపతి తెలుసు. మబ్బుతో పట్టు, తుప్పుతో పట్టు, నిద్రతో పట్టు. మాట ఒంటరిగా ఆమె చెవిన ఎన్నడూ పడలేదు.

సోపతి అని మనం దోస్తానాకు, తోడు తిరగడానికి అంటాం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. క్రియను దాని సోపతితో కలిపి నేర్చుకోండి. బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫిర్త్ పదం అర్థాన్ని దాని చుట్టుపక్కల మాటల్లో వెతకాలని 1950లలో గట్టిగా వాదించాడు. ఆయన అంతకుముందు 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లోని పంజాబ్ యూనివర్సిటీలో ఇంగ్లీషు ప్రొఫెసర్. మన ఉపఖండం పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన మనిషి నుంచి ఆ ఆలోచన రావడం నాకు సంతోషంగా ఉంటుంది.

ఇంగ్లీషు సోపతుల్లోకి వెళ్లేముందు మన ఇంట్లో ఉన్న ఒక క్రియ దగ్గర కాసేపు ఆగుదాం. కొను.

ఇవాళ కొను అంటే డబ్బులిచ్చి తెచ్చుకోవడం. పాత తెలుగులో దానికి తీసుకోవడం, గ్రహించడం అనే అర్థం ఉండేది. ఆ అర్థం చచ్చిపోలేదు, వేరే మాటల లోపల దాగి ఉంది. పాల్గొను అనే మాటను విడదీయండి. పాలు అంటే వాటా, అన్నదమ్ముల పాలు అంటాం కదా, అది. పాలు, కొను: వాటా తీసుకోవడం. ఇంగ్లీషు వాడు టేక్ పార్ట్ అంటాడు. పార్ట్ అంటే పాలే, టేక్ అంటే కొనే. పేర్కొను: పేరు తీసుకోవడం, ఒకరి ప్రస్తావన తేవడం. ఎదుర్కొను: ఎదురుగా నిలిచి మీదికి తీసుకోవడం, ఇంగ్లీషులో టేక్ ఆన్. చేకొను: చేతిలోకి తీసుకోవడం. దాని తోబుట్టువు చేపట్టు. కొత్త పని చేపట్టిండు అనడానికి ఇంగ్లీషులో టేక్ అప్. వెయ్యేళ్లుగా మన కవులూ మన రైతులూ వాడుతున్న కొను ఎన్ని పనులు చేస్తున్నదో, అక్కడ టేక్ దాదాపు అన్ని పనులు చేస్తున్నది.

ఇంకా లోతుకు పోతే కొను ప్రతి వాక్యంలోనూ కనబడుతుంది. "బువ్వ వండిన" అంటే ఎవరికైనా వండి ఉండొచ్చు. "బువ్వ వండుకున్న" అంటే నా కోసం, నా పొయ్యి మీద, నా ఆకలికి. ఆ "కున్న" లోపల ఉన్నది కొనే. రాసిన, రాసుకున్న. చూసిన, చూసుకున్న. పెట్టిన, పెట్టుకున్న. ఈ తేడా ఇంగ్లీషు వాడికి వివరించాలంటే పది నిమిషాలు పడుతుంది. మన దగ్గర అయిదేళ్ల పిల్ల తప్పు లేకుండా వాడుతుంది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు నా దగ్గరికి వచ్చి "సార్, మాకు ఇంగ్లీష్ గ్రామర్ రాదు" అన్నప్పుడల్లా నేను బోర్డు మీద ఈ జంటలు రాసేవాణ్ని. ఇంత సన్నని తేడా పట్టుకోగల చెవి మీకుంటే టేక్ ఎంత!

ఉర్దూ తెలిసినవాళ్లకు ఇంకో అద్దం ఉంది. సాంస్ లేనా, అంటే ఊపిరి తీసుకోవడం: టేక్ ఎ బ్రెత్. హిస్సా లేనా: టేక్ పార్ట్. తస్వీర్ లేనా: టేక్ ఎ పిక్చర్. బద్‌లా లేనా: టేక్ రివెంజ్. నిజాం కాలంలో 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలోనే పాఠాలు చెప్పింది. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు డిగ్రీ దాకా ఉర్దూ మీడియంలో చదివే తెలుగులో మహాకవి అయ్యారు. మన తాతల తరానికి రెండో భాష కొత్త కాదు, మూడోది కూడా కొత్త కాదు. కరీంనగర్ బజారులో పెరిగినవాళ్ల చెవిలో ఈ "లేనా"లు ఎన్నో ఉంటాయి. వాటిని పనికి పెట్టండి.

టేక్ గురించి ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే అది తెలిశాక ఆ మాట మీద నాకు ప్రేమ పుట్టింది. టేక్ అసలు ఇంగ్లీషు మాట కాదు. పాత ఇంగ్లీషులో తీసుకోవడానికి నిమన్ అనేవారు. తొమ్మిదో శతాబ్దంలో డెన్మార్క్ వైపు నుంచి వచ్చి ఇంగ్లండులో ఊళ్లు కట్టుకున్న వైకింగుల మాట టాకా. వాళ్లూ ఇంగ్లీషువాళ్లూ పక్కపక్కనే పొలాలు దున్నుకుంటూ, పిల్లనిచ్చి పుచ్చుకుంటూ బతికారు. చివరికి నిమన్ పోయి టేక్ మిగిలింది. గెట్ కూడా అదే దారిలో వచ్చింది. మనం ఇరుగుపొరుగు నుంచి నామవాచకాలు తెచ్చుకుంటాం: దవాఖాన, కుర్చీ, బస్సు. క్రియ దగ్గరికి వచ్చేసరికి మన "చేయు"నే తగిలించుకుంటాం, డ్రైవ్ చేసిన, ఫోన్ చేసిన అని. ఇంగ్లీషువాళ్లు రోజూ నోట్లో నానే క్రియనే పొరుగువాళ్ల దగ్గర తెచ్చుకున్నారు. పాత నిమన్ పూర్తిగా పోలేదు, నంబ్ అనే మాటలో మిగిలింది. కాలు నంబ్ అయిందంటే మొదట్లో దాన్ని ఏదో పట్టుకున్నదని అర్థం. మనం తిమ్మిరి పట్టింది అంటాం. ఎక్కడి వైకింగులు, ఎక్కడి మానేరు ఒడ్డు! కాలు మొద్దుబారితే రెండు చోట్లా మనిషికి తోచింది పట్టడమే.

ఇక పనిలోకి వద్దాం.

ఒక రోజు తీసుకోండి, గోదావరిఖనిలో సింగరేణి ఉద్యోగి ఇంట్లో. పొద్దున ఆయన తానం చేస్తాడు: టేక్ ఎ బాత్. బీపీ గోలీ వేసుకుంటాడు: టేక్ ఎ టాబ్లెట్. బస్సు ఎక్కుతాడు: టేక్ ఎ బస్. షిఫ్టు మారేటప్పుడు పాతవాళ్ల నుంచి చార్జ్ తీసుకుంటాడు: టేక్ ఓవర్. కూతురు పెళ్లి చూపులుంటే సెలవు పెడతాడు: టేక్ లీవ్. సాయంత్రం చుట్టాలొస్తే అందరూ ఫోటో దిగుతారు. ఆ ఫోటో తీసినవాడు మాత్రం టేక్ ఎ ఫోటో. చిన్నోడు డిగ్రీ పరీక్ష రాస్తున్నాడు: టేక్ ఎన్ ఎగ్జామ్. రాత్రి పెద్దాయన కాసేపు నడుం వాలుస్తాడు: టేక్ రెస్ట్.

ఇప్పుడు తెలుగు వైపు మళ్లీ చూడండి. చేయు, వేయు, ఎక్కు, తీసుకొను, పెట్టు, తీయు, రాయు, వాల్చు. ఎనిమిది క్రియలు. అక్కడ అన్నిటికీ ఒకటే టేక్. నాలుగో గడిలో "తీసుకొను" అని రాసుకున్న పిల్లవాడు గోలీ దగ్గరికి వచ్చేసరికి "ఐ పుట్ టాబ్లెట్" అంటాడు, వేసుకొను అన్నాం కనుక. సెలవు దగ్గర "ఐ పుట్ లీవ్" అంటాడు, పెట్టు అన్నాం కనుక. వాడి తెలివిలో లోపం లేదు. వాడు చాలా నిజాయితీగా తెలుగు క్రియనే ఇంగ్లీషులోకి మోసుకుపోతున్నాడు. గోలీని వదిలేసి క్రియను ఒక్కదాన్నే మోయడం దగ్గర తప్పు జరుగుతున్నది. "టేక్ ఎ టాబ్లెట్" అనేది ఒక్క మాట అనుకోండి, మూడు మాటలుగా చూడకండి. గోలీ స్ట్రిప్పు చేతిలో పట్టుకుని, నోటితో అనండి.

ఇంటర్వ్యూలో నన్ను ఓడించిన వాక్యాన్ని కూడా ఇట్లనే చూద్దాం. "నాకు నాలుగు గంటలు పట్టింది." "ఇట్ టుక్ మీ ఫోర్ అవర్స్." నాకు దగ్గర మీ ఉంది, నాలుగు గంటల దగ్గర ఫోర్ అవర్స్, పట్టింది దగ్గర టుక్. ఎక్కువైంది ముందున్న ఇట్ ఒక్కటే. దానికి అర్థం వెతకొద్దు. ఇంగ్లీషు వాక్యం కర్త లేకుండా నిలబడదు, అందుకని పెట్టిన గుంజ అది. టైం గురించి, దూరం గురించి మాట్లాడేటప్పుడల్లా ఆ గుంజ పాతండి. ఇట్ టేక్స్ టెన్ మినిట్స్. ఇట్ విల్ టేక్ టూ డేస్. ఇట్ టుక్ ఎ లాంగ్ టైమ్. ఈ ఒక్క అచ్చుతో ఆఫీసుల్లో, ఫోన్లలో, ఇంటర్వ్యూల్లో రోజుకు పదిసార్లు పని పడుతుంది. దీన్ని మాత్రం ఇవాళే నోటికి ఎక్కించుకోండి. చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి, మీ ఇంటి నుంచి బస్టాండుకు, బస్టాండు నుంచి కాలేజీకి ఎంత పడుతుందో గట్టిగా చెప్పండి.

ఒక చిక్కు ఇటీవలి కాలంలో పెరిగింది. మన తెలుగులోకే ఇంగ్లీషు టేక్ దొంగచాటుగా వచ్చి చేరింది. ఆటో ఎక్కి "లెఫ్ట్ తీస్కో అన్నా" అంటాం. మన నాయనలు ఎడమ దిక్కు తిప్పు అనేవారు. రిస్క్ తీస్కోకు, రెస్ట్ తీస్కో, సీరియస్‌గ తీస్కోకు. ఇవన్నీ టేక్ వేషం మార్చుకుని వచ్చినవే. వీటిని తిరిగి ఇంగ్లీషులోకి పంపితే సరిగ్గానే కూర్చుంటాయి. కానీ ఇదే వరసలో రెండు నకిలీలున్నాయి. "టెన్షన్ తీస్కోకు" అంటాం, హిందీ సినిమా మాట నుంచి. ఇంగ్లీషులో టెన్షన్‌కూ టేక్‌కూ సోపతి లేదు. డోంట్ వర్రీ అనాలి. "లైట్ తీస్కో" మనవాళ్లు పుట్టించిన ముద్దుమాట. ఇంగ్లీషు వాడి దగ్గర అది టేక్ ఇట్ ఈజీ. తెలుగులో ఈ రెండూ హాయిగా అనండి. ఇంగ్లీషులో మాత్రం అవి నడవవు.

ఇంకో తప్పు ఒక కుర్రవాడి రోజు కూలీ మింగేసింది. జగిత్యాల వైపు నుంచి మస్కట్ పోయిన మా చుట్టాల పిల్లవాడు పైపులేసే పనిలో ఉన్నాడు. సైట్లో పైపులు అయిపోయాయి. స్టోర్‌కు ఫోన్ చేసి "ప్లీజ్ టేక్ ది పైప్స్" అన్నాడు. వాడి మనసులో ఉన్నది "పైపులు తీస్కరాండ్రి". తీస్కరా అనే మాటలో "తీసు" ఉంది కదా, టేక్ అన్నాడు. గంటన్నర తర్వాత ఖాళీ బండి వచ్చి నిలబడింది, మిగిలిన పైపులు తీసుకుపోవడానికి. ఆ పూట పని ఆగింది, సూపర్‌వైజర్ తిట్టాడు, ఆ రోజు కూలీ పోయింది. సెలవుల్లో వచ్చినప్పుడు నా ముందు కూర్చుని ఈ సంగతి చెబుతుంటే వాడి కళ్లు కిందికే ఉన్నాయి. "నాకు ఇంగ్లీష్ రాదు పెదనాయినా" అన్నాడు.

వాడికి నేను చెప్పింది ఇంతే. మన దగ్గర పట్కరా, పట్కపో అని రెండున్నాయి. పట్కరా అంటే నా దిక్కు. పట్కపో అంటే నా నుంచి అవతలికి. ఇంగ్లీషులో నా దిక్కు బ్రింగ్, అవతలికి టేక్. పట్కరా, బ్రింగ్. పట్కపో, టేక్. "రా" వినబడితే బ్రింగ్, "పో" వినబడితే టేక్. మాట మొదట్లో ఉన్న "తీసు"ను పట్టించుకోవద్దు, చివర్లో ఉన్న "రా, పో"లను చూడమన్నాను. రెండు నిమిషాల్లో తలకెక్కింది. పదేళ్ల చదువులో ఎవరైనా ఈ రెండు నిమిషాలు వాడికి ఇచ్చి ఉంటే బాగుండేది. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయిన పిల్లలు ఎంతమందో. వాళ్ల చేతుల్లో పనితనం ఉంది. ఇట్లాంటి చిన్న మాటల దగ్గర వాళ్లు తల దించుకోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

టేక్ వెనక తోకలా వచ్చే చిన్న మాటలు కూడా ఉన్నాయి. ఆఫ్, అప్, ఓవర్, ఆఫ్టర్, ఇన్, బ్యాక్, డౌన్. వీటి మీద లావు పుస్తకాలే ఉన్నాయి, నేను అంత దూరం పోను. తోక దిక్కును చెబుతుంది, అది పట్టుకుంటే సగం పని అయినట్టే. ఆఫ్ అంటే అంటుకుని ఉన్నది విడిపోవడం. చెప్పులు విడిచి లోపలికి రా: టేక్ ఆఫ్ యువర్ చెప్పల్స్. విమానం నేలను విడిచింది: అదీ టేక్ ఆఫే. బ్యాక్ అంటే వెనక్కి. అన్న మాట వెనక్కి తీసుకున్నాడు. డౌన్ అంటే కిందికి, కాగితం మీదికి. నంబరు రాసుకో: టేక్ డౌన్ ది నంబర్. దిక్కుకు లొంగనివి కొన్ని ఉంటాయి. టేక్ ఆఫ్టర్ అంటే పోలిక రావడం. "నడకంతా వాళ్ల బాపుదే" అంటాం కదా, అది. టేక్ ఇన్ అంటే వదులైన జాకెట్ బిగించి కుట్టడం, విన్నది మనసుకెక్కించుకోవడం, మోసగించడం కూడా. ఇట్లాంటి వాటికి నేను ఒక్కటే చెప్తాను. మీ ఇంట్లో ఒక మనిషిని వాటికి కట్టెయ్యండి. తండ్రి నడకే నడిచే మీ అన్న పేరు రాసి పక్కన టేక్స్ ఆఫ్టర్ అని రాసుకుంటే ఈ జన్మలో మరిచిపోరు.

నోట్‌బుక్ అన్నాను కదా. పాతది పారెయ్యకండి, కొత్తది తెరవండి. ఎడమ పేజీలో తెలుగు వాక్యం, మీ ఇంట్లో అనే తీరులోనే. "గోలి వేస్కున్నవా?" అనే రాయండి, "మాత్ర తీసుకున్నావా" అని పుస్తక భాషలోకి మార్చొద్దు. మార్చిన క్షణం అది మీది కాకుండా పోతుంది. కుడి పేజీలో నిండు ఇంగ్లీషు వాక్యం, "హావ్ యూ టేకెన్ యువర్ టాబ్లెట్?" రోజుకు మూడు. ఒంటరి మాట ఒక్కటి కూడా రాయొద్దు. రాత్రి ఎడమ పేజీ చదువుతూ కుడి పేజీని చెయ్యితో మూసి గట్టిగా చెప్పండి. మనసులో చెప్పుకుంటే లాభం లేదు. ఇంటర్వ్యూలో నాకు నోరు పెగలలేదు, మనసు బాగానే తిరిగింది. నెల రోజులకు తొంభై వాక్యాలు. టేక్‌కు ఇరవై సోపతులు నోటికి వస్తే రోజువారీ అవసరాలు చాలామటుకు గడుస్తాయి. తర్వాత గెట్ మొదలుపెట్టండి, తర్వాత పుట్, మేక్, రన్.

వాక్యాలు ఎక్కడ దొరుకుతాయంటే, నాకు అన్నిటికంటే మంచి బడి క్రికెట్ కామెంటరీ. క్యాచ్ పట్టిండు: టుక్ ఎ క్యాచ్. వికెట్ తీసిండు: టుక్ ఎ వికెట్. సింగిల్ తీసిండు: టుక్ ఎ సింగిల్. పట్టు, తీయు, రెండూ టేక్ లోపలికే పోయాయి. మ్యాచ్ చూసే పిల్లవాడికి బొమ్మ కళ్ల ముందు ఉంటుంది కనుక అర్థం అడగాల్సిన పనే లేదు. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు అచ్చేశారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ పుస్తకం తీసుకోండి, పెద్దవాళ్లకు కూడా అది మంచి సాధనం. ఒక్క జాగ్రత్త: మాటకు మాట వేలు పెట్టి కలపొద్దు. వాక్యం మొత్తం చదివి, అవతలి వాక్యం మొత్తం చదవండి. 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ పెట్టాక ఊరి సర్కారు బడుల్లో తెలుగులో పది చదివిన పిల్లలు ఎందరో నేరుగా ఇంగ్లీషు ఇంజినీరింగ్ పాఠాల్లో కూర్చున్నారు. అట్లాంటి పిల్లలను నేను చూశాను. ముందు తేరుకున్నవాళ్లు వాక్యాలు పట్టుకున్నవాళ్లే. డిక్షనరీ పట్టుకున్నవాళ్లకు ఇంకో ఏడాది పట్టింది.

ఆదిలాబాద్ పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఉట్నూరు, జైనూరు దిక్కు నేను చూసిన పిల్లవాడు ఇంట్లో గోండి, అంగట్లో మరాఠీ, బడిలో తెలుగు, బస్సులో ఉర్దూ మాట్లాడేవాడు. నాలుగు భాషల్లో నాలుగు సోపతులు మోసేవాడు. క్లాసులో మాత్రం చివరి బెంచీలో తల వంచుకుని కూర్చునేవాడు, తనకు భాష రాదని. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల ఊరు మార్లవాయిలో ఉండి పనిచేసిన రోజుల్లో, 1943లో, అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. పిల్లలకు ముందు వాళ్ల భాషలో చెప్పాలన్నది ఆ ఆలోచన. ఎనభై ఏళ్లయినా ఆ ఆలోచనకు మనం ఇంకా సరిగ్గా చోటివ్వలేదు. మీరు గోండి పిల్లలైతే ఎడమ పేజీలో గోండి వాక్యమే రాయండి, తెలుగు లిపిలోనైనా సరే. ఇంగ్లీషుకు పోవడానికి తెలుగు మీదుగానే పోవాలని రూలేం లేదు.

ఆదిలాబాద్ జిల్లాకే చెందిన సామల సదాశివ గారు జీవితమంతా పంతులు పని చేశారు. దహెగాం మండలం తెనుగుపల్లెలో 1928లో పుట్టారు. తెలుగు, ఉర్దూ, పారసీ, మరాఠీ, హిందీ, సంస్కృతం, ఇంగ్లీషు వచ్చినవారు. అమ్జద్ హైదరాబాదీ ఉర్దూ రుబాయీలను తెలుగు చేశారు. హిందుస్తానీ సంగీతం మీద రాసిన స్వరలయలుకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఆయన తెలుగు చదివితే, ఏడు భాషల మాటలూ ఒకే అరుగు మీద కూర్చుని ముచ్చట పెట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఆ అరుగు మన దగ్గరిదే.

ఇక మీ నోట్‌బుక్‌లో మొదటి పేజీకి నేను ఒకటి ఇస్తాను. కరీంనగర్ బస్టాండులో పొద్దున్నే నిలబడితే వినబడుతుంది. కొడుకు కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు, తల్లి కింద నిలబడింది, చేతిలో సద్ది డబ్బా ఇంకా ఇవ్వలేదు. బండి కదిలేటప్పుడు అందించి, "పైలం బిడ్డా" అంటుంది. అది ఎడమ పేజీలో రాయండి. కుడి పేజీలో టేక్ కేర్. కానీ అదే తల్లి, కొడుకు చీకట్లో మెట్లు దిగుతుంటే కూడా "పైలం" అంటుంది. అక్కడ టేక్ కేర్ అంత అతకదు. బీ కేర్‌ఫుల్ అనాలి. అందుకని రెండు వాక్యాలుగా రాయండి. ఒకదాని పక్కన బస్సు అని, ఒకదాని పక్కన మెట్లు అని.